పాత కారు కళ్ళకు పొర కమ్మితే...

మన బళ్ళో అక్షరాలు దిద్దిన పిల్లల్లో ఏటా కొందరికి పదహారేళ్ళు నిండుతాయి. డ్రైవింగ్ లైసెన్సు చేతికి వస్తుంది. ఆ తర్వాత మన ఇళ్ళల్లో జరిగేది దాదాపు ఒకటే. నాన్నకో అమ్మకో కొత్త కారు వస్తుంది. పదేళ్ళో పన్నెండేళ్ళో ఇంటిల్లిపాదినీ మోసిన పాత కామ్రీనో అకార్డో పిల్లలకు వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ చేతికి పాత బండే మంచిదని మనందరి లెక్క. ఎక్కడైనా గీత పడినా ప్రాణం ఉసూరుమనదు.

బండి తాళాలు ఇచ్చేముందు ఆయిల్ మార్పిస్తాం, టైర్లు చూస్తాం, బ్రేకులు చూపిస్తాం. నిమ్మకాయలు తొక్కించడం కూడా మరిచిపోం. ఒక్కదాన్ని మాత్రం చాలామందిమి పట్టించుకోం. అవే కారుకు ముందున్న హెడ్‌లైట్లు. మన బడి పార్కింగ్ స్థలంలో ఒక్కసారి అటునుంచి ఇటు నడిచి చూడండి. కొత్త కార్ల దీపాలు అద్దంలా మెరుస్తుంటాయి. పాత కార్ల దీపాలు కొన్ని మజ్జిగ రంగులో, కొన్ని పసుపు నీళ్ళ రంగులో కనబడతాయి. అంటే ఇంట్లో అన్నిటికంటే మసక దీపాలున్న బండి, రాత్రి పూట నడపడంలో అందరికంటే అనుభవం తక్కువైన మనిషి చేతికి వెళ్తోందన్నమాట.

ఇది కారు అందానికి సంబంధించిన విషయమైతే ఈ సంచికలో ఇన్ని పేజీలు వాడుకునేవాళ్ళం కాదు. ఇది చూపుకు సంబంధించిన విషయం. బాగుచేసుకోవడం కష్టమూ కాదు, పెద్ద ఖర్చూ కాదు. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఒక శనివారం మధ్యాహ్నం చేసుకోదగ్గ పని.

గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది

మన ఊళ్ళల్లో అంబాసిడర్ కార్లు, బజాజ్ చేతక్ స్కూటర్లు తిరిగిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఒక సందేహం రావచ్చు. ఆ బళ్ళ హెడ్‌లైట్లు పగిలేవి, వాటి చుట్టూ ఉన్న రేకు తుప్పు పట్టేది గాని, ఇలా పసుపెక్కడం చూడలేదే అని. నిజమే. వాటి ముందు ఉన్నది గాజు. గాజు ఎండకు పసుపెక్కదు.

అమెరికాలో కూడా 1940 నుంచి దశాబ్దాల పాటు సీల్డ్ బీమ్ అనే గాజు దీపాలే ఉండేవి. ముందున్న అద్దం, లోపలి తీగ, వెనకాల తళతళలాడే గిన్నె అన్నీ కలిపి ఒకటే. తీగ కాలిపోతే మొత్తం దీపాన్నే తీసి కొత్తది పెట్టేవారు. 1983లో ఆ నిబంధన సడలి, బల్బు ఒక్కటే మార్చుకునే దీపాలకు అనుమతి వచ్చింది. అలాంటి దీపాలతో అమెరికాలో మొదట వచ్చిన కారు 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్. ఆ తర్వాత మెల్లమెల్లగా గాజు పోయి, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ అన్ని కార్లకూ వచ్చింది.

పాలీకార్బొనేట్‌లో మంచి గుణాలు చాలా ఉన్నాయి. రాయి ఎగిరి తగిలినా అంత తేలిగ్గా పగలదు. గాజు కంటే తేలిక. కారు ముఖానికి సరిపోయేలా ఏ వంపులోనైనా పోత పోయవచ్చు. కాని రెండు బలహీనతలు ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పసుపెక్కుతుంది. మెత్తనిది కాబట్టి గీతలు పడుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద వెంట్రుక కన్నా పలచని గట్టి పూత ఒకటి వేసి పంపుతారు. కొత్త కారు దీపం మెరుపంతా ఆ పూత చలవే.

ఆ పూత శాశ్వతం కాదు. ఏళ్ళ తరబడి ఎండ, హైవే మీద ఎగిరే ఇసుక, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, కార్ వాష్ బ్రష్షులు, ఇవన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. ముందు పూత చిట్లుతుంది, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది, ఆ తర్వాత కింది ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. టెక్సస్, అరిజోనా, ఫ్లోరిడా వంటి ఎండ రాష్ట్రాల్లో ఇది త్వరగా జరుగుతుంది. గరాజ్ నిండా సామాన్లు ఉండి కారు బయటే ఉండే ఇళ్ళల్లో ఇంకా త్వరగా జరుగుతుంది!

మన తాతయ్యలకు, అమ్మమ్మలకు కంట్లో శుక్లం వస్తుంది కదా. కన్ను బాగానే ఉంటుంది గాని లోపలి కటకం మసకబారి వెలుగు చెదిరిపోతుంది. హెడ్‌లైటుకు జరిగేదీ అదే. లోపల బల్బు బాగానే వెలుగుతుంది. ఆ వెలుగు మసక పొరలో చిక్కుకుని కొంత అక్కడే ఆగిపోతుంది, కొంత పక్కలకు చెదిరి ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది. మన రోడ్డు మీద పడాల్సింది తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. మసక అంటే మురికి కాదు, పూత పోయిందని గుర్తు. రుద్దితే మసక పోతుంది గాని పూత తిరిగి రాదు. పూత మళ్ళీ మనమే వెయ్యాలి.

పిల్లలూ, ఒక లెక్క చేద్దామా?

ట్రిపుల్ ఏ అని మనం పిలిచే అమెరికా వాహనదారుల సంఘం 2018లో పాత కార్ల హెడ్‌లైట్లను పరీక్షించి చూసింది. బాగా మసకబారి పసుపెక్కిన దీపాలు కొత్తవాటితో పోలిస్తే 20 శాతం వెలుగే ఇస్తున్నాయని తేలింది. అంటే అయిదు వంతుల్లో ఒక వంతు.

వెలుగు అయిదో వంతుకు తగ్గితే కనబడే దూరం కూడా అయిదో వంతుకు తగ్గిపోదు. రెండింతల దూరంలో ఉన్న వస్తువు మీద పడే వెలుగు నాలుగో వంతు, మూడింతల దూరంలో తొమ్మిదో వంతు. ఈ సూత్రాన్ని తిరగేస్తే, వెలుగు అయిదో వంతు అయినప్పుడు చూపు దూరం సగానికి కొంచెం తక్కువ, అంటే సుమారు 45 శాతం అవుతుంది.

ఇప్పుడు కొత్త దీపాలతో, ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి 200 అడుగుల దూరంలో కనబడతాడని అనుకుందాం. పసుపెక్కిన దీపాలతో అదే మనిషి 90 అడుగుల దగ్గరికి వచ్చేదాకా కనబడడు.

కారు గంటకు 40 మైళ్ళ వేగంతో వెళ్తోంది. అంటే సెకనుకు 59 అడుగులు. మనిషిని చూసి, గుర్తించి, కాలు బ్రేకు మీద పెట్టడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే ఆలోగా కారు 88 అడుగులు వెళ్ళిపోతుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 75 అడుగులు పైనే కావాలి. మొత్తం సుమారు 165 అడుగులు.

చూశారా? కొత్త దీపాలైతే 200 అడుగులు ఉన్నాయి, 165 చాలు, మనిషి క్షేమం. మసక దీపాలైతే ఉన్నవి 90 అడుగులే. బ్రేకు పనిచేయడం మొదలయ్యేసరికే 88 అయిపోయాయి. నడిపేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ఈ లెక్క మారదు.

ఈ లెక్క మన ఇళ్ళకు దగ్గరదే. అమెరికాలో వాహనాలు ఢీకొని చనిపోయే పాదచారుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది చీకటి వేళల్లోనే చనిపోతున్నారు. ఇండియా నుంచి వచ్చిన మన అమ్మానాన్నలు సాయంత్రం కాఫీ తాగి, ముదురు రంగు స్వెట్టర్లు వేసుకుని, ఫుట్‌పాత్ లేని వీధుల్లో నడకకు వెళ్తుంటారు. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పగానే ఆ నడక కాస్తా చీకట్లో పడుతుంది. అదే కాలంలో జింకలు కూడా రోడ్లకు అడ్డం వస్తుంటాయి. ఆ వీధుల్లో మన పాత కారు నడిపేది మన పిల్లలే.

ముందు పరీక్ష చెయ్యండి

పని మొదలుపెట్టేముందు దీపాన్ని సబ్బు నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. తర్వాత దాని మీద కాసిని నీళ్ళు చల్లండి. తడిగా ఉన్నంతసేపు దీపం స్పష్టంగా కనబడి, ఆరగానే మళ్ళీ మసకబారితే జబ్బు పైపొరలోనే ఉన్నట్టు. ఇది మన చేతుల్లో బాగయ్యేదే.

తడిసినా మసక పోకపోతే వేలితో తడిమి, టార్చిలైటు వేసి దగ్గరగా చూడండి. ప్లాస్టిక్ లోపల సాలెగూడులాంటి సన్నని చీలికలు ఉన్నా, లోపలి వైపు మసక ఉన్నా, వెనకాల గిన్నె మెరుపు పోయి నల్లబడినా రుద్దడం వల్ల లాభం లేదు. లోపల నీళ్ళు నిలిచినా, చుక్కలు ఎప్పటికీ ఆరకపోయినా, దీపం అతుకు దగ్గర సందు ఏర్పడి ఉంటుంది. అది వేరే జబ్బు. కడిగిన తర్వాత కాసేపు పలచగా ఆవిరి పట్టి పోతే మాత్రం కంగారు పడనక్కర్లేదు.

ఇంట్లోనే బాగుచేసే పద్ధతి

ఆటో సామాన్ల దుకాణాల్లో హెడ్‌లైటు రెస్టొరేషన్ కిట్ అని అమ్ముతారు. రెండు దీపాలకూ సరిపోయే కిట్ మామూలుగా పాతిక డాలర్ల చుట్టూ ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. అందులో అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉందా లేదా అన్నదే ముఖ్యం. లేకపోతే ఆ కిట్ ఎంత చవకైనా వద్దు.

కావలసినవి: కిట్, మాస్కింగ్ టేపు, స్ప్రే సీసాలో నీళ్ళు, కారు షాంపూ, రబ్బింగ్ ఆల్కహాల్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, చేతి తొడుగులు. కిట్‌లో వచ్చే శాండ్‌పేపర్‌ను మన ఊళ్ళో వడ్రంగులు ఉప్పు కాగితం అంటారు. దాని వెనక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కాగితం నునుపు.

1. కారును నీడలో పెట్టి, దీపాలు ఆర్పి, చల్లబడనివ్వండి. మరీ చలిగా ఉన్న రోజున, వాన వచ్చేలా ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. పూత సరిగ్గా ఆరదు.

2. దీపాన్ని శుభ్రంగా కడిగి తుడిచి, చుట్టూ ఉన్న రంగు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. ఉప్పు కాగితం ఒక్కసారి జారితే కారు రంగు పోతుంది. టేపు అంటించే పని చిన్న పిల్లలకు ఇవ్వవచ్చు, వాళ్ళు చాలా శ్రద్ధగా చేస్తారు.

3. దీపాన్నీ కాగితాన్నీ తడిపి, కిట్‌లో ఉన్న గరుకు కాగితంతో మొదలుపెట్టండి. బాగా పాడైన దీపానికి 800 అంకెతో, కొద్దిపాటి మసకకు 1000తో మొదలుపెడితే సరిపోతుంది. అడ్డంగా, ఒకే ఒత్తిడితో రుద్దండి. నీళ్ళు చల్లుతూనే ఉండాలి. మొదట పసుపు నీళ్ళు కారతాయి. అది పాత పూత, పాడైన ప్లాస్టిక్. పసుపు పోయి తెల్లటి నీళ్ళు వచ్చేదాకా ఆపవద్దు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చెయ్యి నొప్పి పుట్టి సగంలో వదిలేస్తే పాత పూత మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది.

4. తర్వాత 2000 కాగితంతో నిలువుగా రుద్దండి. దిక్కు మార్చడం వల్ల పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత 3000తో మళ్ళీ అడ్డంగా. ప్రతి కాగితానికీ మధ్య దీపాన్ని కడగండి. ఈ దశలో దీపం మొత్తం పాలగాజులా కనబడుతుంది. ఉన్నది కూడా పాడైపోయిందని భయపడవద్దు. అలాగే ఉండాలి.

5. కిట్‌లో పాలిష్ ఉంటే గుడ్డ మీద కొద్దిగా వేసి గుండ్రంగా రుద్దండి. మెరుపు తిరిగి వస్తుంది. కొన్ని కిట్లలో పూతే ఆ సన్నటి గీతలను నింపుతుంది, పాలిష్ అక్కర్లేదు. కిట్ మీద ఏది రాసి ఉంటే అదే చెయ్యండి.

6. రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పాలిష్ జిడ్డు మిగిలితే పూత పట్టదు. ఇక్కణ్ణుంచి దీపాన్ని వేళ్ళతో ముట్టుకోకూడదు.

7. ఇప్పుడు అసలు పని. పూతను ఒకే దిక్కులో, పలచగా, ఒక వరస పక్కన ఒక వరసగా రాయండి. ఇల్లు అలికినట్టు ముందుకూ వెనక్కీ రుద్దవద్దు. ఒకచోట సరిగ్గా రాలేదని వెంటనే వెనక్కి వెళితే చారలు పడతాయి. కిట్ మీద రాసినంత సేపు తడి తగలకుండా ఆరనివ్వండి. ఒకటి రెండు రోజులు కారు కడగవద్దు.

చిన్న హెచ్చరిక. టూ-కే అనే గట్టి స్ప్రే పూత కూడా దొరుకుతుంది. అది ఎక్కువ కాలం నిలుస్తుంది గాని దాని ఆవిరి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. తగిన మాస్కు, అనుభవం లేకుండా వాడవద్దు. పిల్లలు పక్కన ఉన్నప్పుడు అసలే వద్దు. మన పనికి గుడ్డతో రాసే పూత చాలు.

ఇలా బాగుచేసిన దీపాలు కొత్తవాటి వెలుగులో 70 శాతం దాకా ఇస్తాయని పైన చెప్పిన ట్రిపుల్ ఏ పరీక్షలోనే తేలింది. మన లెక్కలో పెట్టి చూస్తే 90 అడుగుల చూపు సుమారు 167 అడుగులు అవుతుంది. ఆగడానికి కావలసినవి 165. అంటే పొడి రోడ్డు మీద బొటాబొటీగా సరిపోతుంది. వానలో చాలదు. కాబట్టి దీపాలు మెరిశాయి కదా అని రాత్రి వేగం పెంచకూడదని పిల్లలకు ఈ లెక్కతోనే చెప్పండి.

ఈ పూత కూడా శాశ్వతం కాదు. ఎండను బట్టి ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వెయ్యాల్సి రావచ్చు.

ఇంటి చిట్కాల సంగతి

టూత్‌పేస్టుతో రుద్దితే మెరుస్తుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మెరుస్తుంది, అబద్ధం కాదు. పేస్టులో పళ్ళు తోమే సన్నటి పొడి ఉంటుంది కాబట్టి అది పాలిష్‌లా పనిచేస్తుంది. కాని పూత లేని ప్లాస్టిక్ మళ్ళీ ఎండ పాలవుతుంది. కొద్ది వారాల్లో పాత కథే.

దోమల మందు కొట్టి తుడిచే చిట్కా ఇంకా చెడ్డది. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. కరిగిన పొర కాసేపు నున్నగా కనబడుతుంది, తర్వాత చీలికలు వస్తాయి. పక్కనున్న కారు రంగు మీద పడితే అదీ పాడవుతుంది.

వెలుగు చాలడం లేదని హాలోజన్ దీపంలో ఎల్ఈడీ బల్బు పెట్టించడం మూడోది. ఆ దీపం లోపలి గిన్నె హాలోజన్ తీగ ఉన్న చోటును బట్టి తయారైనది. వేరే రకం బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళు బైర్లు కమ్ముతాయి. అమెరికా నిబంధనలూ దాన్ని ఒప్పుకోవు. హాలోజన్ బల్బులు పాతబడేకొద్దీ వెలుగు తగ్గుతాయి కాబట్టి అదే నంబరు బల్బులు కొత్తవి రెండూ ఒకేసారి మార్చండి. బల్బు గాజును వట్టి వేళ్ళతో పట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే త్వరగా పోతుంది.

మార్చక తప్పనప్పుడు

లోపలి చీలికలు, నల్లబడిన గిన్నె, నిలిచిన నీళ్ళు ఉంటే మొత్తం దీపం మార్చడమే దారి. కారు కంపెనీ సొంత దీపాలు పెడితే వెలుగు పూర్తిగా తిరిగి వస్తుంది, కాని ఖరీదెక్కువ. బయటి కంపెనీలవి చవక. ట్రిపుల్ ఏ పరీక్షలో ఇలాంటివి 83 నుంచి 90 శాతం దాకా వెలుగు ఇచ్చాయి గాని, వెలుగు సరైన చోట పడే విషయంలో కొన్ని కొలతలు తప్పాయి. అందుకే బయటివి కొనాల్సి వస్తే కాపా గుర్తింపు ఉన్నవి చూసుకోండి. పాత కార్ల దుకాణంలో దొరికేవి మన దీపం వయసువే కాబట్టి లెన్సును వెలుగులో పట్టి చూడకుండా తీసుకోవద్దు. ఒకటే పాడైనా రెండూ మార్చడం మంచిది. లేకపోతే ఒక కన్ను పగలు, ఒక కన్ను రాత్రి అన్నట్టు ఉంటుంది. చాలా కార్లలో ముందు బంపర్ వదులు చేస్తే గాని దీపం బయటికి రాదు. ఆ పని అలవాటు లేకపోతే మెకానిక్‌కు అప్పగించడమే మేలు.

దీపం మార్చిన తర్వాత గోడ పరీక్ష చెయ్యాలి. చదునైన నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి లో బీమ్ వెయ్యండి. గోడ మీద వెలుగు పై అంచు, కారు దీపం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో గాని, ఒకటి రెండు అంగుళాలు కిందికి గాని ఉండాలి. పైకి ఉంటే ఎదుటివాళ్ళకు ఇబ్బంది, మరీ కిందికి ఉంటే మనకు చూపు తక్కువ. సరిచేసే స్క్రూ ఎక్కడుందో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

పిల్లలకు కొన్ని మాటలు

పారదర్శకం: అవతలి వస్తువును స్పష్టంగా కనబడనిచ్చేది. కొత్త హెడ్‌లైటు ఇలా ఉంటుంది.
మసక: వెలుగు వస్తుంది గాని బొమ్మ సరిగ్గా కనబడదు.
పూత: ఒక వస్తువు మీద పలచగా రాసిన పొర.
గరుకు, నునుపు: చేతితో తడిమి తెలుసుకునే గుణాలు. ఉప్పు కాగితం గరుకు, గాజు నునుపు.
పాదచారి: కాలినడకన వెళ్ళే మనిషి. సాయంత్రం మీ తాతయ్య!

ఇంటి పని: ఒక కారు హెడ్‌లైట్ల వెలుగు కొత్తప్పటి వెలుగులో తొమ్మిదో వంతుకు తగ్గింది. కొత్తలో 210 అడుగుల దూరాన కనబడిన మనిషి ఇప్పుడు ఎన్ని అడుగుల దూరాన కనబడతాడు? జవాబు తెలుగులో రాసి, మీ ఇంటి పాత కారు దీపాలు ఎలా ఉన్నాయో కూడా చూసి వచ్చి, వచ్చే వారం మీ గురువుగారికి చెప్పండి.